కలుపు గింజ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

పాకాల దోవలోని మా ఎర్రచెక్క చేను ఇప్పుడు తమరిదే కాబట్టి క్షేమం అడగనక్కర్లేదు. నిన్న కలుపు తీసే దంతె తోలుదామని పోతే గురుగు మోకాటికి ఎగబాకి ఉంది. చెనక్కాయ (వేరుశనగ) మొక్కల్ని మాత్రం సాళ్ళలో వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. తొలివానను తమరు ఎందుకు నమ్మరు? మేం నమ్మినాం. పదును చూసి, సబ్సిడీ కాయలు ఒలిచి, మందు పట్టించి, గొర్రుతో విత్తినాం. మా గింజకు మాయ తెలీదు. తడి తగిలితే చాలు, అంతా ఒక్కసారే లేస్తుంది. గుత్తి రకమైతే పీకేటప్పుడు వాన పడినా చేన్లోనే మొలిచే రకం. అలా లేచిందో లేదో, వాన మొహం చాటేసింది. నిలబడి మాడింది.

మరి తమరో? కొందరు లేచి చచ్చారు. మిగతావాళ్ళు కదల్లేదు. రెండో వానకు ఒక మంద, మూడో వానకు ఇంకో మంద. పల్లేరు సంగతి మరీ ఘోరం. ఒక్కో ముళ్ళ ముక్కలో రెండు మూడు గింజలు పెట్టుకుని, ఒకదాన్ని ఈ ఏడు పంపి, మిగతావాటిని రాబోయే ఏళ్ళకు దాస్తుంది. (తుంగ ఊసు ఎత్తను. దానికి గింజతో పనేముంది, గడ్డ చాలు.)

పైగా మిమ్మల్ని లేపేది మేమే! మీలో సన్న గింజలు చాలావాటికి వెలుతురు తగలాలి. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ ఉన్న తేడాను బట్టి పైన పంట నీడ లేదని కనిపెట్టే ఘనులూ ఉన్నారు. ట్రాక్టరుకు బాడుగ కట్టి, లోపల పడుకున్నవాళ్ళను పైకి తెచ్చి సూర్యదర్శనం చేయిస్తున్నాం. కొండ మీద కూడా ఇంత తొందరగా దర్శనం కాదు.

కలుపు మొలవకుండా పెండిమిథాలిన్ మందు కొడదామంటే నేలలో తడి ఉండాలి. తడి ఉన్నరోజు మనిషి దొరకడు. చెనక్కాయకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగినాక దంతె తోలకూడదు. అది నీకు బాగా తెలుసు, అప్పుడే తీరిగ్గా పూలు పూస్తావు. సిగ్గు లేదా నీకు? దుక్కి మాది, ఎరువు మాది, అప్పు మాది!

అమెరికాలో మిషిగన్‌లో 1879లో సీసాల్లో పెట్టి పాతిన కలుపు గింజలు కొన్ని, 2021లో తవ్వి తీస్తే మొలిచాయి. మీ దూరపు చుట్టాలేలే. అంత ఓపిక మా చెనక్కాయకు పదోవంతు ఉన్నా బాగుండు.

వచ్చే ఏడు తొలివానకు విత్తను. నువ్వు మొలిచేదాకా గట్టు మీద కూర్చుంటా. మొలిచినాక గుంటక తోలి, అప్పుడు విత్తుతా. అప్పటికి పదును ఉంటుందా అని మాత్రం అడగొద్దు.

ఇట్లు,
నీ చేతిలో ఓడిన రైతు