ఈ రాత్రి డ్యూటీ ఎవరిది?

టీనేజ్ పిల్లలుండే ఒక సంరక్షణ గృహానికి నాలుగేళ్లుగా ప్రతి బుధవారం వెళ్తున్నాను. లెక్కలు చెప్పడం నా పని. అక్కడ 15 ఏళ్ల అబ్బాయి ఒకడున్నాడు. బడి నుంచి రాగానే భుజాన బ్యాగు కూడా దించకుండా ఆఫీసు గోడ దగ్గరికి పోతాడు. డ్యూటీ చార్టు అక్కడే అంటించి ఉంటుంది. ఆ రాత్రి ఎవరుంటారో చూసుకుంటాడు. కొన్ని పేర్లు కనిపిస్తే హాల్లోకొచ్చి అందరితో కూర్చుంటాడు. కొన్ని పేర్లు కనిపిస్తే మాట్లాడకుండా గదిలోకెళ్లి తలుపేసుకుంటాడు. మన పిల్లలెవరూ ఇంటికొచ్చి, ఈ రాత్రి అమ్మ ఎవరో గోడ మీద వెతుక్కోరు కదా.

పిల్లల భద్రత అనగానే మనకు గేటు, తాళం, కెమెరా గుర్తొస్తాయి. అవి వద్దని నేననను. గేటు బయటివాణ్ణి ఆపుతుంది, నిజమే. లోపలున్న పెద్దమనిషే బెదిరిస్తుంటే, పక్క మంచం మీది కుర్రాడే వేధిస్తుంటే అది ఏం చేస్తుంది? అదే హోమ్‌లో ఫిర్యాదుల పెట్టె ఒకటుంది. ఆఫీసు గుమ్మానికి ఎదురుగా, సరిగ్గా కెమెరా కింద. "ఇన్నేళ్లలో ఒక్క చీటీ పడలేదండీ" అని నిర్వాహకులు సంతోషంగా చెప్పారు. ఆ మాటకు నాకు భయమేసింది. టీనేజర్లు ఇంతమంది ఒకే కప్పు కింద ఉంటూ ఒక్క ఫిర్యాదూ లేదంటే, చెప్పినా లాభం లేదని వాళ్లు తేల్చుకున్నారన్నమాట.

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక, ఇల్లు విడిచి సంరక్షణలో ఉన్న బిడ్డ పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించాలంటుంది. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ స్వాగతించిన మార్గదర్శకాలు ఇంకో అడుగు వేశాయి. ఆ బిడ్డ గుట్టుగా మనసు విప్పి చెప్పుకోగల నమ్మకమైన మనిషి ఒకరుండాలి, ఆ మనిషిని బిడ్డ ఒప్పుకోలుతోనే నియమించాలి. చట్టం ప్రకారమో నైతికంగానో తప్పని కొన్ని సందర్భాల్లో గోప్యత పాటించలేకపోవచ్చని కూడా బిడ్డకు చెప్పాలి. ఈ ఆఖరి మాట నాకు చాలా ముఖ్యం. "ఎవరికీ చెప్పనులే" అని మాటిచ్చి తర్వాత చెప్పినవాళ్లను ఆ వయసు పిల్లలు మళ్లీ నమ్మరు.

రాత్రి చెప్పకుండా వెళ్లిపోయి తెల్లారి తిరిగొచ్చిన పిల్లల సంగతీ అంతే. చాలాచోట్ల దాన్ని క్రమశిక్షణ తప్పడం కింద రాసుకుంటారు. ఫోను లాక్కుంటారు, చేతిఖర్చు ఆపేస్తారు. వచ్చిన బిడ్డను ముందు అన్నం తిన్నావా అని అడగాలి. ఆ తర్వాత హోమ్‌తో సంబంధం లేని ఒక మనిషి పక్కన కూర్చుని, ఎక్కడికెళ్లావు, ఎవరు పిలిచారు, ఇక్కడ ఏం నచ్చక వెళ్లావు అని నిదానంగా వినాలి. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ మాయమాటలతో లొంగదీసుకునేవాళ్లు ముందు చెప్పేదే "నీ మాట అక్కడెవరూ నమ్మరు" అని. మన శిక్షలు వాళ్ల మాటను నిజం చేస్తాయి.

18 నిండాక బట్టలన్నీ నల్ల చెత్తసంచిలో కుక్కుకుని బయటికొచ్చిన అమ్మాయిని నేను చూశాను. ఒక మంచి పెట్టె, ఉండడానికి గది, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి: ఈ మూడూ ఆ పుట్టినరోజుకు ఏడాది ముందే సిద్ధంగా ఉండాలి.

మన సంఘం నుంచి కూడా ఇలాంటి హోమ్‌లకు వెళ్తుంటాం. ఏడాదికోసారి కానుకలు పంచి, ఫోటోలు దిగి వచ్చేస్తాం. దయచేసి ఆ ఫోటోలు మానేద్దాం. ఆ పిల్లల్లో కొందరు ఎవరి నుంచో తప్పించుకుని వచ్చినవాళ్లు, వాళ్లెక్కడున్నారో మన పోస్టు చూసి తెలిసిపోతుంది. వెళ్తే కనీసం రెండేళ్లు వదలకుండా వెళ్లేవాళ్లే వెళ్లాలి. మన నేపథ్యం తనిఖీ చేస్తారు, బిడ్డతో ఒంటరిగా తలుపేసుకుని కూర్చోనివ్వరు. దానికి చిన్నబుచ్చుకోవద్దు, ఆ నియమం మనకూ ఉండాల్సిందే.

మొన్న జ్వరమొచ్చి ఒక బుధవారం వెళ్లలేకపోయాను. తర్వాతి వారం వెళ్లేసరికి డ్యూటీ చార్టు అడుగున పెన్సిల్‌తో "లెక్కల అంకుల్" అని రాసుంది. పక్కన ప్రశ్నార్థకం.