పది గేములతో ఇంజిన్ బలం తేలుతుందా?

కొత్త చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) వచ్చిందనగానే హైదరాబాద్ అకాడమీల్లో ఎవరో ఒకరు ల్యాప్‌టాప్‌లో దాన్ని పాతదానితో పది గేములు ఆడించేస్తారు. స్కోరు 6–4 వస్తే చాలు, కొత్తదే స్ట్రాంగ్ అని తీర్పు. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో డౌన్‌లోడ్ లింకు ప్రత్యక్షం. ఆ తీర్పుకు విలువ దాదాపు సున్నా.

లెక్క వేసి చూడండి. సరిసమానమైన రెండు ప్రోగ్రాములు డ్రాలు లేకుండా పది గేములు ఆడితే స్కోరు 5–5గా ముగిసే అవకాశం 25 శాతం లోపే. మిగతా 75 శాతం సార్లు ఏదో ఒకటి 6–4తోనో అంతకన్నా ఎక్కువ తేడాతోనో గెలుస్తుంది. బొమ్మాబొరుసూ వేసినా అంతే. వంద గేములు ఆడించినా ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్) తేడా అంచనా అటూ ఇటూ దాదాపు 70 పాయింట్లు ఊగుతుంది. డ్రాలు ఎక్కువైతే ఆ ఊపు కొంత తగ్గుతుందంతే. దాన్ని సగానికి తేవాలంటే గేములు నాలుగు రెట్లు కావాలి. పేరున్న ఇంజిన్ స్టాక్‌ఫిష్‌లో చేసే ఒక్కో మార్పు తెచ్చే లాభం సాధారణంగా రెండు మూడు పాయింట్లు కూడా ఉండదు. అందుకే దాని బృందం 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటుతో, వాలంటీర్ల కంప్యూటర్ల మీద, ఒక్కో మార్పుకు వేలకు వేల గేములు ఆడిస్తోంది.

గేములు పెంచినంత మాత్రాన సరిపోదు. ఓపెనింగ్ బుక్ (ఆట మొదటి ఎత్తుల జాబితా) లేకుండా, ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద, ఎత్తుకు ఇంత లోతు, అంటే ముందు ఇన్ని ఎత్తులదాకానే చూడాలని కట్టేసి ఆడిస్తే రెండు ఇంజిన్లూ ఆడిన గేమే మళ్లీ ఆడతాయి. వంద గేములని మనం చెప్పుకుంటాం, అసలు ఆడినవి రెండే: తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి. కాబట్టి రకరకాల ఓపెనింగ్‌లు ముందే ఎంచుకుని, ప్రతిదాన్నీ రంగులు మార్చి రెండేసి సార్లు ఆడించాలి. ఇంజిన్ల పోటీ టీసీఈసీ సూపర్‌ఫైనల్‌లో చేసేది ఇదే. అక్కడ కావాలనే ఒకవైపు మొగ్గిన ఓపెనింగ్‌లు కూడా ఇస్తారు, లేకపోతే అన్నీ డ్రాలే. అన్యాయంలా అనిపిస్తుంది గానీ, ఆ అన్యాయం ఇద్దరికీ చెరోసారి దక్కుతుంది.

ఇక మెషీన్. మే నెలలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున ఆడిన గేమూ మిట్టమధ్యాహ్నం ఆడిన గేమూ ఒకే పరీక్ష కావు. ఎదుటివాడి టైమ్‌లో ఆలోచించే పాండర్ ఆన్‌లో ఉందా, రెండూ ఒకే ప్రాసెసర్ కోసం కొట్టుకుంటాయి.

ఇది అకాడమీల బెడదే కాదు. 2017 డిసెంబర్‌లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ సంస్థ తన ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌ను వంద గేముల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా చిత్తు చేసిందని ప్రకటించింది. కానీ ఎత్తుకు సరిగ్గా నిమిషం అని కట్టేయడంతో, టైమ్‌ను ఎక్కడ పొదుపు చేయాలో ఎక్కడ వాడాలో తెలిసిన స్టాక్‌ఫిష్ నేర్పు వృథా అయింది. ఏకకాలంలో లెక్కలు వేసే 64 థ్రెడ్లకు, చూసిన స్థితులను గుర్తుంచుకునే హ్యాష్ మెమరీ 1 జీబీ మాత్రమే. విమర్శలు వెల్లువెత్తాయి. 2018లో గేముకు 3 గంటలు, ఎత్తుకు 15 సెకన్ల చొప్పున అదనంగా ఇచ్చి వెయ్యి గేములు ఆడిన ఫలితాలు ప్రచురించారు. ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది. బలమైనదేనని తేలింది, ఓడించలేనిదేం కాదనీ తేలింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆల్ఫాజీరో నడిచింది ఏఐ లెక్కల కోసమే చేసిన గూగుల్ టీపీయూ చిప్‌ల మీద, స్టాక్‌ఫిష్ మామూలు ప్రాసెసర్ల మీద. వీటిని సమానం చేసేదెలా? ధర చూసా, కాలే కరెంటు చూసా? నా ఓటు కరెంటుకే, బిల్లు ఎవరికైనా ఒకేలా వస్తుంది కదా! ఏ కొలత తీసుకున్నా సరే, దాన్ని స్కోరు పక్కనే రాయాలి.

రేటింగ్ విషయంలోనూ ఇదే తికమక. 2024 డిసెంబర్‌లో 2801కి చేరిన మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి పక్కన స్టాక్‌ఫిష్ 3600ను పెట్టి తీసివేతలు చేస్తుంటారు. అర్జున్ రేటింగ్ మనుషులతో ఆడి తెచ్చుకున్నది, ఇంజిన్‌ది తోటి ఇంజిన్లతో ఆడి తెచ్చుకున్నది. ఇంజినే బలమైనదనడంలో సందేహం లేదు, ఎన్ని పాయింట్లన్నది మాత్రం ఆ తీసివేత చెప్పదు.