నైటీ మీద తువ్వాలు, చీర మీద చొక్కా: డెల్టా ఆడవాళ్ళ బట్టను కళ ఎక్కడ చూడాలి?

తెలుగు ఆడపిల్ల రూపం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది బాపు గీత. వాలుజడ, పెద్ద కళ్ళు, పిడికిట్లో ఇమిడే నడుము, జారీ జారనట్టుండే పైట. ఆ బాపు 1933లో పుట్టింది నర్సాపురంలో. అప్పటికే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తరాల తరబడి ఆడవాళ్ళు వసారాల్లో కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతున్నారు. ఆ లేసు ఓడలెక్కి సీమకు పోతోంది. మనకు గుర్తుండిపోయిన బొమ్మలోకి జడ వచ్చింది, పైట వచ్చింది, సూది పట్టిన చెయ్యి మాత్రం రాలేదు. తప్పు బాపుది అనడం లేదు. పత్రిక కోరిన బొమ్మ ఆయన వేశాడు, పాఠకుడు కోరింది ఆ బొమ్మనే. కానీ ఇవాళ గోదావరి డెల్టాలో బట్ట గురించి, ఒంటి గురించి, ఆడతనం గురించి కళ చేస్తామనేవాళ్ళు కూడా ఆ పైట దగ్గరే ఆగిపోతే, వాళ్ళు చేసేది పాత బొమ్మకు కొత్త ఫ్రేము కట్టడమే.

రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట చిత్రశాల ఉంది. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు అది గుడిలాంటి చోటు. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా కుంచె పట్టినవాళ్ళే. ఆయన పేరు తెలిసినవాళ్ళలో ఎంతమందికి ఆ ఇద్దరి పేర్లూ తెలుసో అడిగి చూడండి. ఆడది బొమ్మలో ఉండటానికీ, బొమ్మ వేసే చేయి కావటానికీ మధ్య ఉన్న దూరం ఈ డెల్టాలో వందేళ్ళ పాతది.

ఇప్పుడు ఒంటి మీద ఉన్నవి చూద్దాం. భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ వీధిలో చూసినా పగటిపూట ఆడవాళ్ళు ఎక్కువగా వేసుకునేది నైటీ. మూడు మీటర్ల లోపు నూలుగుడ్డ, భుజం నుంచి మడమ దాకా తిన్నగా జారే కుట్టు. దీనికి నడుము లేదు. చీర అంతా నడుము చుట్టూ తిరిగే బట్ట. కుచ్చిళ్ళు దోపేది అక్కడ, చెంగు బిగించేది అక్కడ. నైటీ ఆ నడుమునే ఎత్తేసింది. వంటగది వేడిలో, మోకాళ్ళ నొప్పుల్లో, నెలసరి రోజుల్లో అదెంత సుఖమో వేసుకున్నవాళ్ళకే తెలుసు. అయితే వీధి గుమ్మం ముందు ఎవరైనా నిలబడ్డారో లేదో, తలుపు వెనక మేకుకు వేలాడే తువ్వాలు తీసి భుజాల మీద కప్పుకుంటారు. పైట పోయింది గానీ పైట చేసే పని పోలేదు, దాన్ని తువ్వాలు పుచ్చుకుంది. ఈ ప్రాంతంలో బట్ట గురించి చెప్పదగ్గ ముఖ్యమైన సంగతి ఇదని నా అభిప్రాయం. దీన్ని పట్టించుకున్న చిత్రకారులు మాత్రం ఎక్కడా తగలరు.

పట్టించుకున్నది ఊరిపెద్దలు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో 2018లో, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా నైటీతో బయట కనబడితే 2,000 రూపాయలు జరిమానా అన్నారు. చూసి చెప్పినవాళ్ళకు 1,000 రూపాయల బహుమానం. విషయం పత్రికలకెక్కాక అధికారులు ఊళ్ళోకి వెళ్ళారు. ఆ కట్టుబాటులో గమనించాల్సింది గంటల లెక్క. బట్టలో తప్పు లేదట, పగటి వెలుతురులోనే ఉందట. రాత్రి అదే నైటీ, అదే ఒళ్ళు, జరిమానా లేదు. వెలుతురును బట్టి తప్పయ్యే బట్ట అంటే గ్యాలరీలో లైటు అమర్చేవాడికి అంతకంటే ఏం కావాలి?

పొలంలో సంగతి వేరు. ఊడ్పుల వేళ కాలువ గట్టు మీద నుంచి చూస్తే బురదలో వంగి వరసగా కదిలే ఆడవాళ్ళలో చాలామంది చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉంటారు. చొక్కా మొగుడిదో, కొడుకుదో, కాలరు అరిగి ఇంట్లోవాళ్ళు పక్కన పడేసింది. ఎండకూ, దోమకూ, కోతల్లో గీరుకునే వరి ఆకుకూ అది కవచం. చీర కుచ్చిళ్ళు మోకాలి పైకి లాగి దోపుతారు, తలకు గుడ్డ చుడతారు. ఇక్కడ నడుము కనబడేది వంగినప్పుడే, అదీ నొప్పి పుట్టే చోటుగా. రోజంతా నీళ్ళలో నాని కాలివేళ్ళ సందులు ఒరిసిపోతాయి. ‘పచ్చని పొలంలో పడుచు’ అని పెయింటింగులు వేసేవాళ్ళు ఆ చొక్కాను ఎప్పుడూ విప్పేసే వేస్తారు. రంగుల కూర్పు చెడుతుంది కాబోలు.

ఈ ఇద్దరు ఆడవాళ్ళూ, వసారాలో లేసు పట్టినామె, చేలో చొక్కా తొడిగినామె, ఒకే ‘స్త్రీత్వం’ కిందికి రారు. నర్సాపురం లేసు చరిత్రే అందుకు సాక్ష్యం. 1844లో మాక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. మొదట ఇది క్రైస్తవం పుచ్చుకున్న పేద కుటుంబాల ఆడవాళ్ళ చేతిపని. తర్వాత గడప దాటి కూలికి వెళ్ళడం పరువు తక్కువగా భావించే కాపు కుటుంబాల్లోకి పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడ పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకం తేల్చింది ఇదే: రోజులో ఎన్ని గంటలు అల్లినా అది తీరిక వేళ పనిగా లెక్కకొచ్చింది, అల్లే మనిషి కార్మికురాలు కాకుండా గృహిణిగానే మిగిలింది, కూలి అడుగంటింది. ఆమె పొలానికి పోనవసరం లేకపోవడం ఇంటి పరువు. ఆ పరువు ఖరీదు ఆమె కళ్ళూ, మెడా కట్టాయి. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది. బల్లగుడ్డ మీద అల్లినామె పేరు ఇప్పటికీ ఉండదు.

ఇలాంటి పనిని కళగా మార్చిన ఉదాహరణలు మన పక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 1998లో పొడవాటి దారాలను సూదుల్లోంచి లాగి, కట్టలు కట్టి, జిగురు, కుంకుమ పట్టించి ఎర్రటి తాళ్ళు చేసింది. తాడు చివర సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. అక్కడ ఆడమనిషి బొమ్మ లేదు, ఆమె చేసిన పని బరువుంది. పుష్పమాల 2000–2004 మధ్య ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి దక్షిణాది స్త్రీల రూపాలెన్నిటినో, రవివర్మ లక్ష్మి దగ్గర్నుంచి కొలబద్దల ముందు నిలబెట్టి తీసిన వలసపాలన కాలపు ఫొటోల దాకా, తానే వేషం కట్టి మళ్ళీ తీయించుకుంది. నగ అతుకు కనబడుతుంది, తెర మడత కనబడుతుంది. బొమ్మ ఎలా తయారవుతుందో తెలిసిపోతుంది. బాపు బొమ్మతో ఈ పని చెయ్యవలసిన తెలుగు కళాకారిణి ఇంకా రావాలి.

భారతీ ఖేర్ అనే కళాకారిణి చీరలకు రెజిన్ (ఆరితే రాయిలా గట్టిపడే జిగురు) పట్టించి కాంక్రీటు దిమ్మెల మీద గడ్డకట్టించింది. మంచి పనే గానీ దాన్ని చూసి ఇక్కడ ఎవరైనా మొదలుపెడితే రెండు హెచ్చరికలు. మొదటిది ఆలోచనకు సంబంధించింది: పట్టుచీర గడ్డకడితే అందంగానే ఉంటుంది, అందంగా ఉన్నదాన్ని ప్రశ్న అనుకుంటారు. రెండోది గాలికి సంబంధించింది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఎపాక్సీ అనే రెజిన్ గట్టిపడేటప్పుడు తేమ తగిలితే పైన తెల్లటి జిడ్డు పొర కడుతుంది. నూలుగుడ్డ తనలోనే నీరు దాచుకుంటుంది కాబట్టి బుడగలూ వస్తాయి. గుడ్డను ముందురోజు ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వాన లేని రోజు, ఎండ ముదిరిన వేళ, గాలి ఆడే గదిలో పలచటి పూతలుగా వేసుకోవాలి. ఆషాఢ శ్రావణాల్లో ఆ జోలికి పోకపోవడమే మేలు.

రెజిన్ కంటే జాకెట్టు తిరగేసి చూడటం లాభం. దర్జీ పక్కకుట్టు దగ్గర అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపల వదిలి, రెండు మూడు వరసల కుట్టు వేస్తాడు. కాన్పు అయ్యాక ఒక వరస విప్పుతారు. నలభై దాటాక ఇంకోటి. విప్పిన చోట సూది చిల్లుల బారు నిలిచిపోతుంది, ఎండ తగలని గుడ్డ గాఢమైన పట్టీలా బయటపడుతుంది. చంకలో చెమట గుడ్డను పసుపు చేసి చివికిస్తుంది. ఒకే ఆమెవి ఇరవై ఏళ్ళ తేడాతో రెండు జాకెట్లు లోపలివైపు బయటికి తిప్పి పక్కపక్కన పెడితే ఒళ్ళు గురించి వేరే గోడపత్రం అక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేస్తే మాత్రం అంతా పోతుంది. ఆరబెట్టి, దుమ్ము దులిపి, ఉన్నదున్నట్టు పెట్టాలి. కలరా ఉండలు గుడ్డకు తగలకూడదు, తగిలితే మచ్చ పడుతుంది.

ఇక లేసుతోనే మనిషంత పని చెయ్యాలంటే లెక్క ముందు వేసుకోవాలి. చీర కొలత, అంటే ఐదున్నర మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు పన్నా, ఆరు చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. పది సెంటీమీటర్ల పువ్వులు అనుకుంటే ఆరువందలకు పైగా కావాలి. పువ్వుకు గంట చొప్పున ఆరువందల గంటలు, ఆపైన అతుకుపని. ఇది ఒక్కరి చేతిలో అయ్యేది కాదు. పదిమందికి పంచితే పది రకాలు వస్తాయి. ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా బిగుతు చేతిని బట్టి మారుతుంది. బిగువు చేతి పువ్వు తొమ్మిది సెంటీమీటర్లే వస్తుంది, వదులు చేతిది పదకొండు. వ్యాపారి ఆ తేడాను లోపమంటాడు, కూలి కోస్తాడు. కళకు ఆ తేడానే సరుకు. ఎవరి పువ్వులు వాళ్ళ పేరున ఒక చోటే అతికితే పదిమంది చేతులూ గుడ్డలో విడివిడిగా కనబడతాయి. అయితే కొలత కలవనిచోట అతుకు ముడుచుకుంటుంది. అందుకని పువ్వులన్నీ తడిపి, బోర్డు మీద గుండుసూదులతో సాగదీసి, నీడన ఆరబెట్టాలి. సూదులు స్టెయిన్‌లెస్ స్టీలువి కాకపోతే తెల్లారేసరికి తుప్పు మరకలు దిగుతాయి, ఆ మరక వదలదు. గంజి పెడితే బిర్రుగా నిలుస్తుంది గానీ వానాకాలంలో బూజు పడుతుంది, వెండిపురుగులు చేరతాయి. వద్దు.

వేలాడదీయడంలోనే ఎక్కువ పనులు పాడవుతాయి. లేసును పై అంచు పట్టి వేలాడదీస్తే సొంత బరువుకే కిందికి సాగి, అడ్డంగా ముడుచుకుంటుంది. పై వరసల పువ్వులు కోలగా మారతాయి, కింది వరసలవి గుండ్రంగానే ఉంటాయి. గాలిలో తేమ పట్టి బరువు పెరిగే కొద్దీ ఇంకా దిగుతుంది. నాలుగైదు వరసలకోసారి వెనక సన్నటి నూలు నాడా అడ్డంగా కుట్టి, దాని బరువు పలచని నెట్ గుడ్డ మీదికి మళ్ళించాలి. పై అంచున గొట్టంలా పట్టీ కుట్టి అందులో కడ్డీ దూర్చితే బరువు సమంగా పడుతుంది. మేకులకు తగిలిస్తే ఆ చోట్లే దారం తెగుతుంది. పాత నూలుకైతే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వకూడదు. తెల్ల గోడ మీద తెల్ల లేసు మాయమైపోతుంది. గోడకు జానెడు ఎడంగా కట్టి, పక్క నుంచి వాలుగా ఒకే లైటు వేస్తే నీడ గోడ మీద ఇంకో లేసులా పడుతుంది.

అల్లికకున్న ఇంకో గుణాన్ని ఇక్కడెవరూ వాడుకున్నట్టు కనబడదు. మధ్యలో ఒక పోగు తెగినా అల్లిక ఒక్కసారిగా విడిపోదు. చివరి ముడి విప్పి దారం లాగితే మాత్రం మొదటి ఉచ్చు దాకా ఊడిపోతుంది. 1964లో క్యోటోలో జపాన్ కళాకారిణి యోకో ఓనో వేదిక మీద కూర్చుని, ప్రేక్షకులను ఒక్కొక్కరినీ పిలిచి తన బట్టలు కత్తిరించమంది. నర్సాపురంలో కత్తెర అక్కర్లేదు. ముక్కలు కలపకుండా ఒకే దారంతో అల్లిన పైట ఒకామె కప్పుకుని నిలబడితే, వచ్చినవాళ్ళు తలో కాస్త దారం లాగవచ్చు. గంట అల్లింది నిమిషంలో ఊడుతుంది. పక్కన అల్లినామె కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాలి, గంటకు ఇంత అని కూలి గోడ మీద అంకెల్లో రాసి ఉండాలి. పువ్వుకు ఇంత అని కాకుండా గంటకు కట్టాలి. పువ్వు లెక్క వ్యాపారి లెక్క, కళాకారుడూ అదే లెక్క కడితే ఆ గోడ మీద రాసుకున్న మాటలకు విలువ ఉండదు. అల్లినవాళ్ళ పేర్లు, వాళ్ళు సరేనంటేనే, కళాకారుడి పేరున్న సైజులోనే వెయ్యాలి. పని అమ్ముడైతే అందులో వాళ్ళ వాటా ఎంతో అల్లిక మొదలుకాక ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

చోటు విషయంలో హైదరాబాదు, కొచ్చి వైపు చూడనక్కర్లేదు. నర్సాపురం పక్కన సీతారామపురంలో లేసు పార్కు ఉంది, రాజమండ్రిలో దామెర్ల చిత్రశాల ఉంది, ఏ ఊళ్ళోనైనా ముహూర్తాలు లేని నెలల్లో కల్యాణమండపం ఖాళీగా ఉంటుంది. ప్రారంభోత్సవం సాయంత్రం ఆరింటికి పెడితే అల్లేవాళ్ళెవరూ రారు, అది వంట వేళ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా తెరిచి ఉంచండి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి కింద కూర్చోవడానికి రెండు చాపలు పరవండి, నైటీ మీద వచ్చినా గుమ్మం దగ్గర ఎవరూ తువ్వాలు అడగరని ముందే చెప్పి పంపండి.