ట్రియర్‌లో రెండుగా చీలిపోయే రైలు గారికి

మహారాజశ్రీ కోబ్లెంజ్–ట్రియర్ రైలు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ తమరి రెండు సగాలూ ఎవరి దారిన వాళ్లు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నన్ను తమరు అప్పుడే మర్చిపోయి ఉండరు. మొన్న శనివారం పొద్దున్నే జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు ఎక్కారు. ఒకడి ఒళ్లో రెండు బ్యాగులు, ఆ బ్యాగుల్లో ఇద్దరి రెసిడెన్స్ కార్డులు, పవర్ బ్యాంకు, ఐస్‌క్రీం డబ్బా నిండా పులిహోర. రెండోవాడి చేతిలో ఫోను ఒక్కటే. ఆ రెండోవాణ్ణి నేను.

లక్సెంబర్గ్ వెళ్దామన్నది మా రూమ్మేట్ ఐడియా. దేశం మొత్తానికీ బస్సు, ట్రాము, రైలు ఊరికే ఎక్కమన్న మొదటి దేశం అది, 2020 నుంచి. సెకండ్ క్లాసులో కూర్చుంటే చాలు, టికెట్ అడిగేవాడుండడు. ఇటువైపు జర్మనీలో లోకల్ రైళ్లూ బస్సులూ ఎక్కనిచ్చే నెలవారీ డి-టికెట్ మాకు ఉండనే ఉంది. (49 యూరోలని మొదలుపెట్టి, 58 చేసి, 2026లో 63కి తెచ్చారు. ఆ లేఖ వేరే రాస్తాను.) అది సరిహద్దులోని వాసర్‌బిల్లిగ్ దాకా పనిచేస్తుంది. వాసర్ అంటే నీళ్లు, బిల్లిగ్ అంటే చవక. జర్మన్లు కార్లేసుకొచ్చి మరీ పెట్రోలు కొట్టించుకుపోయే ఊరు. అక్కణ్ణుంచి మాకంతా ఫ్రీ. పరాయి దేశం వెళ్లి రావడానికి పైసా అదనపు ఖర్చు లేదంటే ఏ స్టూడెంటుకైనా సోమవారం అసైన్‌మెంట్ గుర్తుంటుందా?

పైగా దేశం ఎంతని? పొడవు 82 కిలోమీటర్లు, వెడల్పు 57. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డే 158. "మధ్యాహ్నానికి సిటీ అయిపోతుంది మామా, సాయంత్రం బస్సెక్కి షెంగెన్ చూసొద్దాం" అన్నాడు మా వాడు. షెంగెన్ అంటే వీసా కాదు, ఊరు. మోజెల్ నది ఒడ్డున, జర్మనీ, ఫ్రాన్సు ఎదురెదురుగా కనిపించే చోట ఉంది. 1985 జూన్ 14న ఐదు దేశాల వాళ్లు అక్కడ ఓ పడవలో కూర్చుని, మన మధ్య సరిహద్దు తనిఖీలు మెల్లగా ఎత్తేద్దామని సంతకాలు పెట్టారు. మా వాడేమో వాళ్ల అమ్మానాన్నల విజిట్ వీసా అప్పాయింట్‌మెంట్ కోసం రెండు నెలలుగా అర్ధరాత్రిళ్లు వెబ్‌సైట్ రిఫ్రెష్ కొడుతున్నాడు. ఆ ఊరి బోర్డు కింద నిలబడి, చేతులు కట్టుకుని, సీరియస్‌గా మొహం పెట్టి ఒక్క ఫోటో దిగాలని వాడి కోరిక. అంతకుమించి ఏమీ లేదు.

తమరి దారి అందం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కొండవాలు మొత్తం దువ్వినట్టు ద్రాక్షతోటలు, కోహెమ్‌లో కొండ మీద కోట, ఆ వెంటనే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. సొరంగంలో అమ్మ వీడియో కాల్ కట్ అయింది. అవతలికి వచ్చాక బుల్లాయ్ అనే స్టేషన్ వస్తే మా వాడు "బుల్లయ్య" అని చదివాడు. అక్కడ రెండంతస్తుల వంతెన. పైన రైలు, కింద రోడ్డు. మా వాడిది కొవ్వూరు. ఇక చూడండి. "మా గోదావరి మీద కింద రైలు, పైన రోడ్డు. అదీ పద్ధతి. అయినా ఇదేం వంతెన్రా, కొబ్బరికాయ కొట్టేలోపు అయిపోయింది!" అని పక్కన కూర్చున్న పెద్దాయనకి కూడా వచ్చీరాని జర్మన్‌లో వివరించాడు. 1974లో కట్టారని కూడా చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు.

ఇక అసలు సంగతి.

తమరి రెండంతస్తుల భాగంలో పై అంతస్తున మంచి కిటికీ పక్కన కూర్చున్నాం. కింద టాయిలెట్ తలుపు మీద "డిఫెక్ట్" అని కాగితం అంటించి ఉంది. అది ఎప్పుడూ ఉండేదే, అలవాటైపోయింది. పొద్దున తాగిన కాఫీ ఆగనంది. విట్లిష్‌లో రైలు ఆగగానే "ఐదు నిమిషాల్లో వస్తా" అని మా వాడికి చెప్పి, ప్లాట్‌ఫారం మీద పరిగెత్తి, తమరి ఒంటి అంతస్తు భాగంలోకి ఎక్కాను. అక్కడ క్యూ. క్యూలో ఉండగా అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పని అయ్యాక ఖాళీ సీటు కనిపిస్తే కూర్చుని మాట్లాడాను. ఎక్కడ కూర్చుంటే ఏంటి, రైలు ఒకటే కదా అని.

ట్రియర్‌లో ఆగాం. మైకులో ఏదో చెప్పారు. నాకు జర్మన్ భాషలో ఏ2 సర్టిఫికెట్ ఉంది, కాబట్టి శ్రద్ధగా విన్నాను. "దీజర్ త్సూగ్ విర్ద్ ఇన్ ట్రియర్ గెటైల్ట్." టైలెన్ అంటే పంచుకోవడం. మా టీచరమ్మ నేర్పిన వాక్యం నాకిప్పటికీ నోటికొచ్చు: విర్ టైలెన్ ఐనె పిజ్జా, మనం ఒక పిజ్జా పంచుకుంటాం. అంటే ఈ రైలుని అందరం పంచుకోవాలి, జనం ఎక్కువగా ఉన్నారు, సర్దుకుని కూర్చోమంటున్నారని అర్థం చేసుకున్నాను. పక్క సీటు మీదున్న నా జాకెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను కూడా. ఎంత మర్యాదస్తుణ్ణో చూడండి.

ఇరవై నిమిషాల తర్వాత మా వాడి ఫోన్.

"మామా, ఎక్కడున్నావ్?"

"రైల్లోనే రా."

"నేనూ రైల్లోనే. వాసర్‌బిల్లిగ్ దాటాం. వెల్కమ్ టు లక్సెంబర్గ్!"

"అదేంట్రా, ఇక్కడ బోర్డు మీద సార్‌బుర్గ్ అని ఉంది."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నా కిటికీలోంచి నది కనిపిస్తోంది. అది మోజెల్ కాదు.

పిజ్జా పంచుకోవడమంటే కోయడమే కదా అన్న సంగతి నాకప్పుడు వెలిగింది.

ఇక్కణ్ణుంచి తమరూ గిమరూ కుదరదు, ఏమనుకోకు. నీకేమైనా బుద్ధుందా? మా దేశంలో రైలు చీలిందంటే ఊరంతా తెలుస్తుంది. ఇంజిన్ ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. దభీమని కుదుపుతుంది. పై బెర్తులో వాడు లేచి "ఏ ఊరు?" అంటాడు. చాయ్ అబ్బాయి రెండు రౌండ్లు కొడతాడు. ఆ సందడిలో ఎవరో ఒక పెద్దాయన నీ మొహం చూసి "బాబూ, నువ్వెక్కడికి? ఇది అటు పోదు, దిగు దిగు" అని చెయ్యి పట్టుకుని దింపుతాడు. మా తాతయ్య అయితే బోగీ పక్కన బోర్డు చదివి, కూలీని అడిగి, మళ్లీ లోపల కూర్చున్నవాణ్ణి అడిగి గానీ కాలు పెట్టేవాడు కాదు. మేం నవ్వేవాళ్లం. నువ్వేమో చప్పుడు లేదు, కుదుపు లేదు, తొక్కలో కాకరకాయ లేదు. దొంగలా విడిపోయావు. రెండు సగాల మధ్య నడిచిపోవడానికి దారి కూడా పెట్టలేదు. ఐదు దేశాలు ఒక పడవెక్కి సరిహద్దులు తీసేద్దామనుకుంటే, నువ్వు ఒకే రైల్లో పులిహోరకీ నాకూ మధ్య సరిహద్దు గీశావు!

నా తప్పు లేదా అంటావు. ఒక సగం డబుల్ డెక్కరు, ఇంకో సగం కాదు, కళ్లు లేవా అంటావు. ప్రతి బోగీలోనూ స్క్రీన్ మీద ఊరి పేరు రాశానంటావు. రాశావు. ఒప్పుకుంటాను. చూసుకోలేదు. అయినా అమ్మతో మాట్లాడుతున్నవాడు స్క్రీన్ చూస్తాడా?

సార్‌బుర్గ్‌లో దిగాను. ఆ ఊరి నడిబొడ్డున జలపాతం ఉంటుందట. స్టేషనేమో నదికి ఇవతల. నేను చూసింది ఒక బెంచీ, ఒక చెత్తడబ్బా. ఫోన్‌లో ఏడు శాతం చార్జింగ్. టికెట్ ఫోన్‌లో. టికెట్‌తోపాటు చూపించాల్సిన కార్డు లక్సెంబర్గ్‌లో. టికెట్ చూపించలేకపోతే ఫైన్ 60 యూరోలు. ఆ లెక్కన ఉచిత దేశయాత్ర మా నెల పాస్ ఖరీదు చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఫోన్ ఆఫ్ చేసి జేబులో పెట్టుకుని, గుడ్డు పొదిగినట్టు కూర్చున్నాను.

తిరుగు రైల్లో టికెట్ చెక్ చేసే ఆవిడ వచ్చింది. ఫోన్ ఆన్ చేశాను, మూడు శాతం. కోడ్ స్కాన్ అయింది. కార్డు ఏదంది. నాకొచ్చిన జర్మన్ మొత్తం బయటికి తీశాను. "మైన్ ఆస్‌వైస్ ఇస్ట్ ఇన్ లక్సెంబుర్గ్. మైన్ ఫ్రాయిండ్ ఇస్ట్ ఇన్ లక్సెంబుర్గ్. మైన్ ఎస్సెన్ ఇస్ట్ ఇన్ లక్సెంబుర్గ్." నా కార్డు, నా ఫ్రెండు, నా తిండి, అన్నీ అక్కడే. ఆవిడ నా వంక ఓసారి చూసి, "గెటైల్ట్?" అంది. "యా" అన్నాను. భుజం తట్టి వెళ్లిపోయింది. 'మైన్ ఫ్రాయిండ్' అంటే వాళ్ల భాషలో ప్రియుడనే అర్థం కూడా ఉందని మా వాడు తర్వాత చెప్పాడు. అంత జాలి అందుకేనేమో.

ట్రియర్‌లో ఇంకో గంట. ఈసారి ఎక్కే ముందు ముగ్గుర్ని అడిగాను. తాతయ్య పద్ధతి. ముగ్గురూ లక్సెంబర్గ్ అన్నాకే కాలు పెట్టాను. చేతిలో ఒక్క కాగితం లేకుండా దేశం దాటుతుంటే గుండె దడదడలాడింది. ఎవరూ ఏమీ అడగలేదు. చవక నీళ్ల ఊరు కూడా అలా వెళ్లిపోయింది.

లక్సెంబర్గ్ స్టేషన్ బయట మా వాడు ట్రాము స్టాపులో కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఊరికే తిరిగొచ్చిన కళ మొహంలో కనిపిస్తోంది. పక్కన ఐస్‌క్రీం డబ్బా.

"పులిహోర?"

"నువ్వొస్తావో రావో అని..."

డబ్బాలో మూడు ఎండుమిరపకాయలు, కరివేపాకు రెబ్బ మిగిలాయి. గుప్పెడు కరివేపాకు రెండు యూరోలు పెట్టి కొన్నది నేను. తెల్లవారుజామున లేచి చింతపండు పిసికింది నేను.

ఆ తర్వాత ఊరు చూడలేదా అంటే చూశాం. కార్నిష్ అనే కొండంచు బాట మీద నడుస్తుంటే కింద లోయలో నది, ఇళ్ల కప్పులు, పాత కోటగోడలు కనిపించాయి. నిజంగానే బాగుంది, కడుపు కాలుతున్నా బాగుంది. కోట కింది సొరంగాలకి టికెట్ ఉందన్నారు, బయటినుంచే దణ్ణం పెట్టాం. ప్ఫాఫెన్‌థాల్‌లో కొండ పక్కన అద్దాల లిఫ్టు ఒకటి ఉంది. ఫ్రీ. మా వాడు మూడుసార్లు ఎక్కాడు, మూడుసార్లు దిగాడు. అప్పటికి సాయంత్రం అయిపోయింది.

షెంగెన్ బస్సు సంగతి ఎవరం ఎత్తలేదు. వెళ్తే రాత్రికి ఇల్లు చేరలేం. వాడు ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. నేను తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ బోర్డు కోసమని ఇస్త్రీ చేసి వేసుకొచ్చిన తెల్ల చొక్కా మీద పులిహోర పసుపు మరక ఒకటి పడింది, దాన్ని గోరుతో గీకుతూ కూర్చున్నాడు. దీనికి నువ్వు ఏ మైకులో ఏ క్షమాపణ చెప్తావో చెప్పు.

తిరుగు ప్రయాణంలో, జర్మనీలోకి రాగానే యూనిఫాంలో ఇద్దరు ఎక్కారు. 2024 సెప్టెంబరు నుంచి ఈ దేశం అన్నివైపులా మళ్లీ తనిఖీలు పెట్టింది కదా. బోగీలో పదిమందిమి ఉంటే కార్డులు అడిగింది మమ్మల్నే. చూపించాం. "షెంగెన్‌కి వెళ్లాల్సిన పని లేకుండా అదే మన దగ్గరికొచ్చింది" అన్నాడు మా వాడు. షెంగెన్ తప్పిపోయాక వాడు వేసిన మొదటి జోకు అది.

మళ్లీ ట్రియర్. డబుల్ డెక్కర్ పై అంతస్తులోనే ఉన్నాం. మైకులో ఏదో చెప్పారు. నేను కిందికొచ్చి తలుపు దగ్గర నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని తల మాత్రం బయట పెట్టాను. సార్‌బుర్గ్ అవతలున్న సార్‌బ్రూకెన్ వైపు నుంచి నీ రెండో సగం వస్తోంది. కొత్త కోడలు గడప దగ్గర ఆగినట్టు ఒక అడుగు దూరంలో ఆగింది. మళ్లీ కదిలింది. టక్ మని చిన్న చప్పుడు. అంతే, ఒకటైపోయావు. పొద్దున నన్ను ఎత్తుకుపోయిన సీటు అందులో ఎక్కడో ఉండాలి. ఎందుకో చెయ్యూపాను. అదేమన్నా నాకు చుట్టమా!

పైకొచ్చేసరికి మా వాడు లేచి నిలబడ్డాడు. "కింద టాయిలెట్‌కి ఇంకా కాగితం ఉంది మామా. విట్లిష్‌లో దిగి ఆ సగంలోకి పోయి..."

ఇక చీలేది లేదు, కోబ్లెంజ్ దాకా ఒకటే రైలు. నాకు తెలుసు. అయినా వాడి తెల్ల చొక్కా పట్టుకుని కోబ్లెంజ్ వచ్చేదాకా వదల్లేదు.

ఇట్లు,
నీ తప్పు సగంలో కూర్చున్నవాడు

తా.క.: వచ్చే శనివారం మళ్లీ వస్తున్నాం, ఈసారి షెంగెన్‌కే. కార్డులు ఎవరివి వాళ్ల జేబులో, పులిహోర రెండు డబ్బాల్లో. ఆ కాగితం తీయించు.