లింగియారికి సొంత ఎంపీ ఉండాల్సిందే
ఓటర్లు తక్కువ కాబట్టి ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీకి ఒక్క ఎంపీ చాలన్న మీ వాదన నాకు అన్యాయంగా అనిపించింది. 2001లో టెరిటరీని రెండు పార్లమెంటు స్థానాలుగా చేశారు. రాజధాని డార్విన్ పరిసరాలు సోలమన్ అనే స్థానంలోకి వెళ్లాయి, మిగతా ప్రాంతమంతా, దూరాన ఉన్న క్రిస్మస్ ద్వీపం, కోకోస్ దీవులతో సహా, లింగియారి అయింది. విస్తీర్ణం 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే! మేం ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటాం, పక్క ఊరికే గంటల ప్రయాణం. ఇక్కడి ఓటర్లలో ఆదివాసులు చాలా ఎక్కువ. 1966లో వేవ్ హిల్ పశువుల క్షేత్రంలో సమ్మె నడిపిన గురింజి అనే ఆదివాసీ తెగ నాయకుడు విన్సెంట్ లింగియారి పేరే దీనికి పెట్టారు. మారుమూల పల్లెలకు పోలింగ్ బృందాలు కొద్ది గంటలే వచ్చి వెళ్తాయి. ఓటు తప్పనిసరైన దేశంలో ఇక్కడ పోలింగ్ ఇంత తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణమే. ముందు ఈ తక్కువ పోలింగ్ గురించి రాయండి.