కవర్ తియ్యకుండా నాటితే నేలది తప్పెట్లా అవుతుంది?

వారం రోజులుగా మా ఉమ్మడి పాలమూరు, నల్గొండ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ఐదు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పర్యావరణం పేరుతో పిల్లల చదువు పాడు చేస్తున్నారు. మన కరువు నేలలో మొక్క బతకదు. ఏటా అదే గుంతలో మళ్లీ నాటి ఫొటో దిగుతారు. ఇదంతా సిటీ వాళ్ల ఫ్యాషన్, పల్లె పిల్లలకు కావాల్సింది ఉద్యోగం. అయినా కంపెనీలు చేసే నష్టం ముందు స్టూడెంట్లు చేసేది ఎంత?"

రాసిందెవరో తెలియదు. నేను పదహారేళ్లుగా ఈ ప్రాంతంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తున్నాను, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ కూడా చూస్తున్నాను. మొన్న మా సెకండియర్ అమ్మాయి ఆ మెసేజ్ నాకు చూపించి, "మనం చేసేదంతా వేస్టేనా సార్" అని అడిగింది. పోయిన ఎండాకాలం ఊరికి పోకుండా హాస్టల్లోనే ఉండి మొక్కలకు నీళ్లు మోసిన పిల్ల ఆమె. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

ముందు "మొక్క బతకదు" అన్న మాట చూద్దాం. నాటిన మొక్కలు చచ్చిపోతున్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కొన్నేళ్ల కింద నేను పనిచేసిన ఒక కాలేజీలో జులైలో పెద్ద కార్యక్రమం పెట్టారు. జేసీబీతో ఒక్క పూటలో రెండు వందల గుంతలు తీశారు. ముఖ్య అతిథి వచ్చారు, గంటలో నాటడం అయిపోయింది. మరుసటి జూన్‌లో నేనూ నలుగురు పిల్లలూ ఎండిపోయినవి పీకడానికి పోయాం. మొదటిది పట్టుకుని లాగితే గడ్డిపోచలా చేతికొచ్చింది. వేర్ల చుట్టూ నర్సరీ వాళ్ల నల్ల కవర్ అట్లనే ఉంది. బ్లేడుతో కోసి చూస్తే వేర్లు బయటికి దారి లేక కవర్ లోపలే గుండ్రంగా తిరిగి తిరిగి, తాడు పేనినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. "కవర్ తియ్యలే సార్" అన్నాడు మావాడొకడు. ఆ రోజు పీకినవాటిలో సగానికి పైగా అంతే. దాన్ని పాలమూరు నేల చంపిందంటే ఎట్లా? ఆ మొక్క ఈ నేలను తాకనే లేదు.

మిగతావి కవర్ తీసి నాటినవే, కానీ మే నెలలో పోయాయి. మొక్కకు మొదటి రెండు ఎండాకాలాలే గండం. వేరు కింది తేమ దాకా దిగితే ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. మన కాలేజీ క్యాలెండర్ చూడండి. నాటేది జులైలో, పిల్లలు ఇంటికి పోయేది మేలో. సరిగ్గా నీళ్లు కావాల్సిన రోజుల్లో క్యాంపస్‌లో మనిషి ఉండడు. నీళ్లు లేవంటారా? లెక్క వేద్దాం. మొక్కకు వారానికి రెండు సార్లు పది లీటర్ల చొప్పున పోస్తే 200 మొక్కలకు వారానికి 4,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి వస్తే ఇంకా మిగులుతాయి. మా పిల్లలు హాస్టల్ మెస్‌లో చేతులు కడిగే నీళ్లు కాలువలోకి పోకుండా డ్రమ్ములకు మళ్లించారు. ఎండుటాకులు కుప్ప పోసి కాల్చడం మాన్పించి, వాటినే పాదుల్లో పరిచారు. ఆకు కింద వేలు పెట్టి చూస్తే మూడో రోజుకు కూడా మట్టి చల్లగా తగులుతుంది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప కట్టారు. ఈ పనులేవీ ఫొటోలో కనబడవు.

నాటే మొక్క ఏదన్నది కూడా చూడాలి. తొందరగా పచ్చగా కనబడుతుందని ఊరూరా కోనోకార్పస్ తెచ్చి పెట్టారు. ఎక్కడో అమెరికా, ఆఫ్రికా సముద్ర తీరాల చెట్టు అది. ఫిర్యాదులు వచ్చాక మన ప్రభుత్వమే దాన్ని మొక్కలు నాటే హరితహారం పథకం నుంచి తప్పించింది. మన చెల్క నేలకు అలవాటైనవి వేప, కానుగ, చింత, రేల, మోదుగ, సీతాఫలం. సీతాఫలంలో పేరున్న రకానికి మన బాలానగర్ పేరే ఉంది. ఇక ఈ నేల మీద చెట్టు బతకదనేవాళ్లు ఒక్కసారి మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోయి రండి. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు, మూడెకరాల పైన పరుచుకుని ఉంది. 2017 చివర్లో చెదలు తిని పెద్ద కొమ్మ విరిగిపోతే, మరుసటి ఏడు సెలైన్ బాటిళ్లతో చుక్కచుక్కగా మందు ఎక్కించి కాపాడుకున్నారు. చెట్టు బతికిందంటే దాని వెనక మనుషుల ఓపిక ఉంది.

"చదువు పాడవుతోంది" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎన్ఎస్ఎస్‌లో చేరిన విద్యార్థి ఏడాదికి చేయాల్సింది 120 గంటలు. అంటే వారానికి రెండున్నర గంటలు కూడా కాదు. అందులో మొక్కల పని ఒక భాగం మాత్రమే. పైగా పర్యావరణం చదువులోనే ఉంది. 1991లో సుప్రీంకోర్టు ఆదేశించాక యూజీసీ అన్ని గ్రూపుల డిగ్రీ విద్యార్థులకూ ఈ సబ్జెక్టు తప్పనిసరి చేసింది. 2023 మార్గదర్శకాల్లో దానికి నాలుగు క్రెడిట్లు ఇచ్చి, పుస్తకంతో ఆపకుండా బయటికి తీసుకెళ్లి చూపించమని కూడా చెప్పింది. పరీక్ష ముందు రోజు గైడు బట్టీపట్టించడం కంటే ఒక చెరువు గట్టు మీద రెండు గంటలు నిలబెట్టడం మంచి పాఠం అని నా అనుభవం.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది "సిటీ వాళ్ల ఫ్యాషన్" అన్న మాట. నల్గొండ జిల్లా వాళ్ల ముందు అనగలిగే మాటేనా ఇది? మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు తరాల తరబడి బోరు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవాళ్లు ఉన్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఎక్కడో దేశం కాని దేశంలో నీటి శుద్ధి చదివే విద్యార్థి కూడా మన జిల్లా పేరు నేర్చుకుంటాడు, ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక ఇప్పటి పిల్లలకు ఆ గండం తప్పింది. వాళ్ల తాతల నడుములు మాత్రం మళ్లీ నిటారు కాలేదు.

మూసీ సంగతి కూడా అంతే. హైదరాబాద్ వదిలిన మురుగు వలిగొండ మీదుగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడి పారేసింది సిటీ, ఆ నీళ్లతో వరి, గడ్డి పండించింది మన రైతులు. కాబట్టి పర్యావరణం మాట్లాడే హక్కు ముందు మనది. మా బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు తమ ఊరి బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి ల్యాబ్‌లో పరీక్ష చేసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. సిలబస్‌లో ఎప్పుడూ లేని శ్రద్ధ అక్కడ కనబడుతుంది. ఉద్యోగం కావాలన్నారు కదా, నీళ్లు పరీక్షించడం చేతనైనవాడికి వాటర్ ల్యాబుల్లో పని దొరుకుతుంది.

ఇక ఆఖరి మాట, "స్టూడెంట్లు చేసేది ఎంత". 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్రం దారి తెరిస్తే నల్లమల ఊళ్లన్నీ లేచాయి. చెంచులు, రైతులు, ఉద్యోగులు, వాళ్లతో పాటు యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీల పిల్లలు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబర్ 16న రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగితే విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అంతా విద్యార్థులే చేశారని నేననను. వాళ్లు లేకుండా అయ్యేదని కూడా ఎవరూ అనలేరు.

చిన్న పనుల్లో ఎంత ఉందో కూడా లెక్క చూపిస్తాను. వెయ్యి చదరపు మీటర్ల స్లాబు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే ఆరు లక్షల లీటర్లు. దాన్ని పైపుల్లోంచి ఇంకుడు గుంతలోకి దింపితే బోరు పక్కనే భూమిలోకి పోతుంది. ఇప్పుడు అది గేటు దాటి రోడ్డు మీద పారుతోంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. ఆరు ఫ్యాన్ల క్లాస్‌రూమ్‌లో రోజుకు ఎనిమిది గంటలకు రెండు యూనిట్లకు పైన ఆదా. మా ఫైనలియర్ పిల్లలు టేపు పట్టుకుని బిల్డింగులన్నీ కొలిచి, ఈ లెక్కలు వేసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చారు. ఒక బ్లాకుకు పైపులు వేయడానికి ఒప్పుకున్నారు, మిగతా వాటి కోసం ఇంకా తిరుగుతున్నాం.

నన్ను అడిగిన అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. ఆమె విని, సెలవుల్లో నీళ్ల వంతుల కాగితం రాయడానికి కూర్చుంది. ఈసారి ఊరికి పోవాలట, వాళ్ల అక్క పెళ్లి ఉంది. తన వారం ఇద్దరు జూనియర్లకు అప్పజెప్పి, వాళ్లను తీసుకెళ్లి ఏ మొక్కకు ఎన్ని మగ్గులు పోయాలో ఒక్కొక్కటీ చూపించి వచ్చింది.