వ్యాయామం ముఖ్యం, కదలకుండా వినండి

టీనేజి పిల్లల బరువు అదుపులో ఉంచడానికి బడులు ఏమీ చేయడం లేదని, నోరుంది కదా అని కొందరు అభాండాలు వేస్తుంటారు. మొన్న నేను ఒక బడిలో ఊబకాయంపై అవగాహన సదస్సుకు వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లలను గంటన్నర సేపు బెంచీలకు అతికించి, అదే పనిగా కూర్చోవడం ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పారు. వెనక వరుసలో ఒక కుర్రాడు కాలు తిమ్మిరెక్కి లేచి నిలబడ్డాడు. వాణ్ణి కూర్చోబెట్టడానికి ముగ్గురు ఉపాధ్యాయులు పరుగెత్తారు. ఆ పూట అక్కడ వ్యాయామం చేసినవారు ఆ ముగ్గురే.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ బడి టైంటేబుల్లోనూ వారానికి రెండు ఆటల పీరియడ్లున్నాయి. మొదటిది లెక్కల మాస్టారు బదులు తీసుకుంటారు. తీర్చిన దాఖలా లేదు. వడ్డీ కింద రెండోది సైన్సు టీచరు పట్టుకెళతారు. ఇక బంతి బీరువాలో భద్రంగా ఉంది. తాళం గుమాస్తా దగ్గర, గుమాస్తా సెలవులో. అద్దంలోంచి తొంగి చూశాను. గాలి పోయి సొట్టపడింది, ఆడి కాదు, వయసు మీదపడి. స్టాకు రిజిస్టరులో మాత్రం ఏటా 'కొత్తది' అనే రాస్తున్నారు.

బంతి లేకపోతేనేం, తూకం యంత్రం ఉంది. పిల్లలను వరుసగా ఎక్కించి, ఒకరు అంకె చదువుతారు, రాసుకునేవారికి వినబడలేదని మళ్లీ గట్టిగా చదువుతారు. ఈసారి పక్క తరగతికీ వినబడుతుంది. బరువు తగ్గడానికి సిగ్గును మించిన మందు లేదని బడి నమ్మకం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 79 బడుల్లో పిల్లలను ఇలాగే తూచి, ఆ లెక్క చీటీ మీద ఇంటికి పంపే పద్ధతిని పరీక్షిస్తే పిల్లల బరువు మారలేదు, తమ ఒంటి మీద అసంతృప్తి మాత్రం పెరిగింది. అది వాళ్ల తూకం యంత్రాల లోపం అయి ఉండాలి. ఎదిగే వయసులో బీఎంఐని, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకెను, వయసును బట్టి, ఆడ, మగ తేడాను బట్టి చూడాలంటారు. గోడ మీద పెద్దల పట్టిక ఉండగా అంత శ్రమ ఎందుకు?

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందట. టీనేజి వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలట. అందుకే బడి తెల్లవారకముందే ప్రత్యేక తరగతులు పెట్టి, పిల్లలకు మొదటి పీరియడులో కునుకు తీసే సౌకర్యం కల్పించింది.

అన్నిటికంటే నాకు నచ్చింది వరండా. 'నీళ్లే మేలు' అని పోస్టరు, దాని కింద శీతల పానీయాల యంత్రం. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో చక్కెర సుమారు 35 గ్రాములు. పక్కనే కుళాయి ఉంది, మరమ్మతులో ఉంది. యంత్రానికి మాత్రం ఎన్నడూ జబ్బు చేయలేదు. దాని మీద వచ్చే ఆదాయంతోనే ఈ సదస్సు ఏర్పాటు చేశామని ప్రధానోపాధ్యాయుడు వేదిక మీద వినమ్రంగా ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. పిల్లల చేతులకైనా కొంత కదలిక దక్కింది.

చివర్లో ఆయన నన్ను పక్కకు పిలిచి, సలహా ఏమైనా ఉంటే చెప్పమన్నారు. ఆ బంతిలో గాలి కొట్టించి పిల్లలకు ఇవ్వమన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఇస్తే అరిగిపోతుందండీ!" అన్నారు.